చెట్టు దగ్గరికే రంపం

మొన్న ఒక ఆదివారం పలాసలో రైలు దిగి, వజ్రపుకొత్తూరు వైపు పల్లెలో ఉన్న మా మేనత్తను చూడబోయాను. అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతుంటే, పెరట్లో నూతి పక్కన ఒక పనస మొద్దు కంటబడింది. పైనున్న తెల్లచెక్కను చెదలు తినేశాయి. చివరలు పగుళ్లిచ్చాయి.

"ఇదేమిటత్తా, ఇలా పడి ఉంది?" అన్నాను.

"తిత్లీ నాడు పడిపోనాది నాయనా. మా మావగారు నాటిన సెట్టు. కొమ్మలు పొయ్యిలోకి పోనాయి. మొద్దు కదపడానికి మనిషీ దొరకనేదు, బండీ దొరకనేదు. వచ్చిన బేరగాడు వంటచెరకు ధర సెప్పినాడు. నాకు ఇవ్వబుద్ధి కానేదు."

"మరి వీధి గుమ్మం కొత్తగా ఉందే?"

"అదా? టెక్కలి అడితీలో కొన్న కర్ర."

చూశారా! పెరట్లో పనస పడి ఉండగా, గుమ్మానికి బజారు కర్ర! నవ్వడం సులువే. కాని ఇందులో మా అత్త తప్పేమీ లేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్లు. విసురు వచ్చినప్పుడు 165. ఉద్దానమంటే కొబ్బరి, జీడి, పనస. తాతలు నాటిన తోటలు ఒక్క పూటలో నేలకు ఒరిగాయి. అన్ని చెట్లూ ఒకేసారి పడినప్పుడు కర్రకు ధర ఉండదు. ధర పెరిగేది కూలికీ, లారీకీ. మొద్దును మిల్లుకు మోసే ఖర్చు మొద్దు విలువనే మింగేస్తుంది. దూలం కావలసిన కర్ర పొయ్యిలోకి పోయేది అందుకే.

వెనుకటివాళ్లు ఈ చిక్కు ఎరుగుదురు. రంపపుకోతవాళ్లు చెట్టు దగ్గరికే వచ్చేవారు. గొయ్యి తవ్వి, దానిమీద దుంగను పెట్టి, ఒకడు పైన, ఒకడు గోతిలో నిలబడి రంపం లాగేవారు. గోతిలో వాడి కళ్లనిండా పొట్టే!

ఇప్పుడు ఆ పనికి, జీపు వెనక తగిలించి తోటలోకి లాక్కుపోయే రంపపు మిల్లులు వచ్చాయి. ఇందులో దుంగ కదలదు. పట్టాల మీద రంపమే నడుస్తుంది. రెండు చక్రాల చుట్టూ తిరిగే ఉక్కు పట్టీ రంపం, దాన్ని తిప్పే చిన్న ఇంజను, పళ్లకు జిగురు పట్టకుండా నీటి చుక్కలు. ముందు ఒక పక్క బెరడు తీస్తారు. దుంగను దొర్లించి రెండో పక్క, మూడో పక్క. నాలుగు పక్కలూ చదునైతే దూలం. ఆపైన కావలసిన మందానికి రంపం దించుకుంటూ పోతే పలకలు.

చెట్లు నరికే గొలుసు రంపంతోనూ పలకలు కోయవచ్చు. కాని అది కోతకు సుమారు 8 మిల్లీమీటర్ల కర్రను పొట్టు చేస్తుంది. పట్టీ రంపం సుమారు 2. పది కోతలకు లెక్క వేయండి. 80 ఎక్కడ, 20 ఎక్కడ! అంగుళం మందం పలకలు రెండు ఆ తేడాలోనే పోతాయి.

అయితే అన్ని కర్రలూ ఒకటి కావు. జీడికర్ర మెత్తన; పెట్టెలకూ పొయ్యికీ తప్ప గుమ్మానికి ఆగదు. కొబ్బరి బోదె పైకి గట్టి, నడుమ బెండు. మొదలు దగ్గర, అంచు వెంబడి ఉన్న చెక్కే వాసాలకు నిలుస్తుంది. అదైనా తడిగా వదిలేస్తే కొద్దివారాల్లో బూజు పట్టి పుచ్చిపోతుంది. పనస సంగతి చెప్పాలా? బొబ్బిలి వీణ అయ్యేది ఆ కర్రే.

ఇంటి చెట్టు కోయించేవారికి ఒక హెచ్చరిక. బట్టల తీగకని ఏనాడో కొట్టిన మేకు బెరడు లోపల దాక్కుని ఉంటుంది. దానికి తగిలి రంపం పళ్లు పోతే ఆ పూట కోత సరి! కోసిన పలకలను నీడలో, మధ్య మధ్య పుల్లలు పెట్టి, గాలి ఆడేట్టు పేర్చాలి. ఎండలో పడేస్తే మెలి తిరుగుతాయి.

మిల్లు వచ్చేలోగా దుంగలు పాడవవా? అమెరికాలో 1938 సెప్టెంబరు 21న ఇలాంటి పెనుగాలే న్యూ ఇంగ్లండు అడవులను కూల్చింది. ప్రభుత్వం దుంగలు కొని, చాలావాటిని చెరువుల్లో వేయించింది. గాలి తగలని కర్ర పుచ్చదు గదా. యుద్ధం వచ్చి మగవాళ్లు కరువైతే, 1942లో న్యూ హాంప్‌షైర్‌లోని టర్కీ పాండ్ అనే చెరువు గట్టున ఆడవాళ్లే మిల్లు నడిపి ఆ దుంగలను పలకలు చేశారు. వెదురును చెరువులో నానవేసే మనకు ఈ ఉపాయం కొత్తదా?

ఇక చట్టం. ముందస్తు అనుమతి లేనిదే కొత్త రంపపు మిల్లులు తెరవనివ్వరాదని 2002 అక్టోబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మంచిదే. చక్రాల మీది మిల్లు రాత్రికి రాత్రి అడవిలో దూరితే కష్టం గదా! గనుక అటవీశాఖను అడగకుండా ఎవరూ తేవద్దు. నేననేది ఒక్కటే: ఆ అడగడమేదో గాలివానకు ముందే జరగాలి. రైతుల సంఘమో, ప్రభుత్వ శాఖో ఒక మిల్లును అనుమతితో సిద్ధం చేసి, పడిన చెట్లనే కోయాలన్న కట్టడితో ఊరూరా తిప్పాలి. బియ్యం, టార్పాలిన్ల సరసన రంపానికీ చోటుండాలి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే వచ్చాయి. అక్టోబరు ఏటా వస్తుంది.

బయలుదేరే ముందు ఆ మొద్దును కత్తితో చెక్కి చూశాను. తెల్లచెక్క పొడిపొడిగా రాలింది. లోపల పసుపు చేవ నిక్షేపంగా ఉంది.

"అత్తా, గుమ్మం రాదు గాని, పీటలు వస్తాయి."

"ఎన్నొస్తాయి?"

"నాలుగైనా రావచ్చు."

"రెండు సాలు నాయనా," అంది మా అత్త. "మనవరాలి పెళ్లికి."