గేటు కాడి కొలువుకు చదువు అక్కర్లేదా?

హైటెక్ సిటీలో మనోళ్ల కొలువులెన్ని అనే పంచాయితీ 1998 నవంబరులో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటి సంది నడుస్తనే ఉన్నది. ఆ పంచాయితీలో ఎప్పుడైనా కంప్యూటర్ ముందు కూసునేటోళ్ల లెక్కే తీసినం. అదే బిల్డింగు గేటు కాడ పన్నెండు గంటలు నిలబడేటోళ్ల లెక్క మనం అడగలేదు. మాదాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కొండాపూర్... శేరిలింగంపల్లిలో ఏ టవర్ కాడికి పోయినా ముందుగాల ఎదురయ్యేది కోడ్ రాసే ఇంజినీరు కాదు, సెల్యూట్ కొట్టే సెక్యూరిటీ గార్డు. పెద్ద చదువు లేని పేదింటి బిడ్డకు ఈ కారిడార్‌లో తలుపు తెరిచే కొలువుల్లో ఇది ముందు వరసలో ఉంటది. ఆ కొలువుకు ఒక చట్టం ఉన్నది. చట్టంలో శిక్షణ ఉన్నది. శిక్షణకు సర్టిఫికెట్ కూడా ఉన్నది. అమలు చేసేటోడే కానరాడు.

2005లో పార్లమెంటు ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం చేసింది. పొట్టిగా ‘పసారా’ అంటరు. దాని కింద కేంద్రం 2006లో నమూనా నిబంధనలు ఇచ్చింది, 2020లో వాటిని తిరగ రాసింది. ఒక మాట మాత్రం అప్పుడూ ఇప్పుడూ అదే: గార్డుగా చేరేటోనికి 100 గంటలు తరగతి గదిలో, 60 గంటలు ఫీల్డులో, మొత్తం 160 గంటల శిక్షణ ఇయ్యాలె. అదీ 20 పనిదినాలకు తగ్గకుండ. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకైతే తక్కువ గంటలు చాలు. ఏమేం నేర్పాల్నో కూడా రాసిపెట్టిన్రు. మంటలార్పుడు, గుంపును అదుపు చేసుడు, ప్రథమ చికిత్స, గుర్తింపు కార్డుల తనిఖీ, పేలుడు పదార్థాన్ని గుర్తు పట్టుడు, ఎఫ్ఐఆర్ ఎట్ల ఇయ్యాలె, ఆత్మరక్షణ హక్కు ఎందాక ఉంటది, తనిఖీ యంత్రాలు ఎట్ల వాడాలె. కార్డు మీది ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు చదువుడు కూడా అందులో ఉన్నది. శిక్షణ అయినంక సర్టిఫికెట్ ఇయ్యాలె. శిక్షణ కేంద్రాన్ని ఏడాదికి కనీసం రెండుసార్లు సర్కారు తనిఖీ చెయ్యాలె. కాగితం మీద చూస్తే చిన్నపాటి పోలీసు ట్రైనింగే.

ఇప్పుడు మీ ఆఫీసు గేటు కాడ ఉన్న అన్నను అడిగి చూడండి, ‘ట్రైనింగు ఎన్నొద్దులు అయింది?’ అని. చాలా చోట్ల నవ్వే జవాబు. యూనిఫాం ఇచ్చిన్రు, దాని పైసలు జీతంలో కోసిన్రు, పాత గార్డు పక్కన రెండు మూడు డ్యూటీలు నిలబెట్టిన్రు, రిజిస్టర్ ఎట్ల నింపాల్నో చూపెట్టిన్రు, అంతే. అన్ని ఏజెన్సీలూ ఇట్లనే అని అనను. పద్ధతిగ నేర్పేటివీ ఉన్నయి. అయితే పద్ధతిగ నేర్పినా నేర్పకున్నా కాంట్రాక్టు దక్కేది తక్కువ రేటు రాసినోనికే. అప్పుడు నేర్పేటోడు మాత్రం ఎన్నొద్దులు నేర్పుతడు?

ఇది జీతం ముచ్చటే కాదు, పానం ముచ్చట కూడా. 2023 మార్చి 16 రాత్రి సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో అగ్గి పుట్టి ఆరుగురు చనిపోయిన్రు. అందరూ వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం దిక్కు నుంచి పట్నానికి బతుకుదెరువుకు వచ్చిన పడుచు పిల్లలు. మంట కంటె పొగే ఎక్కువ పానాలు తీసింది. ఆ రాత్రి తప్పెవరిదో తేల్చుడు ఈ వ్యాసం పని కాదు. అసొంటి బిల్డింగులో మొదటి పది నిమిషాలు ఎవరి చేతిలో ఉంటయి అన్నదే ప్రశ్న. ఫైరింజను వచ్చేదాక ఉండేది గార్డే. అలారం ప్యానెల్ మీద ఏ అంతస్తు లైటు ఎర్రగైతే ఎక్కడికి ఉరకాలె, లిఫ్టు ఎందుకు ఎక్కనియ్యొద్దు, మెట్ల తలుపు ఎందుకు మూసి ఉంచాలె గని తాళం ఎందుకు వెయ్యొద్దు, అగ్గి ఆర్పే సిలిండరు పిన్ను ఎట్ల గుంజాలె? ఇవి తెల్వని మనిషిని ఇరవై అంతస్తుల టవర్ కింద నిలబెట్టి దానికి ‘సెక్యూరిటీ’ అని పేరు పెట్టుడు పైన పనిచేసే వేల మందినీ, ఆ మనిషినీ ఇద్దరినీ మోసం చేసుడే.

పెద్ద కంపెనీలకు ఈ సంగతి తెల్వక కాదు. 2008 ముంబై దాడుల తరువాత 2009లో చట్టం సవరించి ప్రైవేటు కంపెనీలకు కూడా సీఐఎస్ఎఫ్ జవాన్లను ఇచ్చే వీలు చేసిన్రు. బెంగళూరులో ఇన్ఫోసిస్ అట్లనే తెచ్చుకున్నది, 2021లో మన జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్‌కు కూడా ఆ బలగం వచ్చింది. పైసలున్నోళ్లు తుపాకీ పట్టిన జవానును కొనుక్కుంటరు, బాగనే ఉన్నది. మిగిలిన వందల టవర్ల కాడ, అపార్ట్‌మెంట్ల కాడ, హాస్టళ్ల కాడ నిలబడేది లాఠీ కూడా సరిగ లేని మనిషే.

ఆఫీసు లోపల ఇంకో చిత్రం. సెక్యూరిటీ మేనేజరు టేబుల్ మీద సీపీపీ అనే అమెరికా సర్టిఫికెట్ ఫ్రేము కట్టి కనబడుతది. ఏసిస్ అనే సంస్థ 1977 సంది ఇస్తున్న సర్టిఫికెట్ అది. దానికి ఏండ్ల అనుభవం కావాలె, పరీక్ష పాస్ కావాలె, మూడేండ్లకోసారి మళ్ల నిలబెట్టుకోవాలె. మేనేజరుకు అంత చదువు కావాల్సిన పనికి, ఆ పనిని కాళ్ల మీద నిలబడి చేసేటోనికి మూడు డ్యూటీల చూపులు చాల్నా?

మన నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల పిల్లలు దుబాయి పోయి సెక్యూరిటీ కొలువు చేస్తరు. అక్కడ సీరా అనే సర్కారు సంస్థ శిక్షణ పెడుతది, పరీక్ష పెడుతది, కార్డు ఇచ్చినంకనే డ్యూటీ ఎక్కనిస్తది. లండన్‌లో ఎమ్మెస్ చదువుకుంట రాత్రిపూట గార్డు డ్యూటీ చేసే మన పిల్లగాడు ముందుగాల ఎస్ఐఏ లైసెన్సు తీసుకోవాలె. 2001లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం అది. ఆ లైసెన్సు కంపెనీది కాదు, ఆ పిల్లగానిది. కంపెనీ మారినా అతని జేబులోనే ఉంటది. సింగపూర్ ఇంకో అడుగు ముందుకు వేసింది. 2016 సెప్టెంబరు నుంచి గార్డుల శిక్షణను, హోదాను, జీతాన్ని ఒక్క నిచ్చెనకే కట్టింది. ఇన్ని కోర్సులు పాసైతే ఈ హోదా, ఈ హోదాకు ఇంతకు తక్కువ జీతం ఇయ్యొద్దు. ఇయ్యకుంటే ఏజెన్సీ లైసెన్సుకే ఎసరు. అంటే దుబాయి గేటు కాయాలంటే మన బిడ్డకు పరీక్ష కావాలె, గచ్చిబౌలి గేటు కాయాలంటే అక్కర్లేదు! మన ఇల్లు అంత తక్కువదా?

‘వాచ్‌మన్ కొలువుకు ఉద్యమం చేసినమా?’ అని కొందరు మిత్రులు ముక్కు విరుస్తరు. ఆ విరుపులో కొంత న్యాయం ఉన్నది, భూములు పోగొట్టుకున్న ఊర్ల బిడ్డలను గేటు కాడనే ఆపుడు న్యాయం కాదు. కానీ నీళ్లు, నిధులు, నియామకాలు అన్నప్పుడు నియామకాలంటే గ్రూపులు, డీఎస్సీ, పోలీసు కొలువులే అనుకున్నం. లెక్క చూడండి. 2022లో పోలీసు బోర్డు 17 వేల పైచిలుకు పోస్టులకు పిలిస్తే దరఖాస్తు పెట్టినోళ్లు 7 లక్షలు దాటిన్రు. మిగిలినోళ్లంతా ఏమైన్రు? పొద్దుగాల నాలుగింటికి లేచి ఉరికినోళ్లు, చట్టం పుస్తకాలు బట్టీ పట్టినోళ్లు, ఒకటి రెండు మార్కులతో తప్పినోళ్లు. 160 గంటల శిక్షణలో సగం వాళ్లకు ముందే వచ్చు. అయినా సెక్యూరిటీ అంటే ఊర్లో చెప్పుకునేందుకు సిగ్గుపడుతరు. పని చిన్నదని కాదు. ఆ పనికి చదువు లేదు, కాగితం లేదు, పైకెక్కే మెట్టు లేదు. ఇరవై రెండేండ్లప్పుడు గార్డు, యాభై రెండేండ్లప్పుడూ గార్డే. మెట్టు కట్టితే పిల్లలు ఎక్కుతరు. గార్డు నుంచి సూపర్‌వైజరు, అక్కడి నుంచి కంట్రోల్ రూము ఆపరేటరు, ఫైర్ సేఫ్టీ, చివరికి ఆ మేనేజరు కుర్చీ.

కట్టుడు మనకు చేతకాని పనా? శేరిలింగంపల్లిలోనే, హైటెక్స్ పక్కనే, నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉన్నది. 1998లో పెట్టిన్రు. తాపీ పట్టేటోనికి, కరెంటు పని చేసేటోనికి, ప్లంబరుకు శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇస్తున్నది. దాని ఖర్చుకు కాంట్రాక్టర్ల బిల్లుల్లోంచి చిన్న వాటా తీసే ఏర్పాటు చేసిన్రు. టవర్ కట్టేటోనికి అకాడమీ పెట్టినోళ్లు, ఆ టవర్ కాసేటోనికి ఎందుకు పెట్టరు? నేర్పేటోళ్లకు కరువు లేదు. సీఐఎస్ఎఫ్ సొంత అకాడమీ హకీంపేటలో ఉన్నది. దేశం మొత్తానికి ఐపీఎస్‌లను తయారు చేసే అకాడమీ శివరాంపల్లిలో ఉన్నది. రిటైరైన సైనికులు, పోలీసులు పట్నం నిండ ఉన్నరు. 2024లో స్కిల్స్ యూనివర్సిటీకి చట్టం కూడా చేసిన్రు. సైబరాబాద్ పోలీసులు, ఐటీ కంపెనీలు కలిసి 2006లో పెట్టుకున్న సెక్యూరిటీ కౌన్సిల్ ఈ కారిడార్ భద్రత కోసమే ఉన్నది. అందరూ మూడు నాలుగు ఫర్లాంగుల దూరంలోనో, ఒక బస్సు దూరంలోనో ఉన్నరు. కూసుండబెట్టి మాట్లాడించేటోడు కావాలె.

ఒక్క భయం ఉన్నది, దాచిపెట్టను. సర్టిఫికెట్ తప్పనిసరి అనంగనే సర్టిఫికెట్లు అమ్మే దుకాణాలు తెరుస్తరు. కేంద్రం కౌశల్ వికాస్ యోజన మీద 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక చూడండి. శిక్షణ పొందినట్టు రాసినోళ్లలో ఎక్కువ మందికి బ్యాంకు ఖాతా గడి ఖాళీగనో, సున్నాలతోనో ఉన్నది. నేర్చుకున్న మనిషి ఉన్నడో లేడో దేవునికెరుక! అందుకే నేర్పేటోడు, పరీక్ష పెట్టేటోడు ఒక్కడే కావొద్దు. ఏజెన్సీ నేర్పాలె, పరీక్ష వేరేటోడు పెట్టాలె, అదీ తెలుగులో, ఉర్దూలో, హిందీలో, చేసి చూపెట్టే పరీక్ష. పాసైనోని నెంబరును పోలీసులు ఫోన్లో చూసుకునేటట్టు ఉండాలె. ఫీజు గార్డు జేబులోంచి గుంజొద్దు. శిక్షణ ఇరవై రోజులూ కూలి లెక్క కట్టియ్యాలె, లేకుంటే ఆ ఇరవై రోజులు ఇంట్లో పొయ్యి ఎట్ల వెలుగుతది? ఇప్పుడున్న నిబంధనల ప్రకారం కొలువు విడిచిపెట్టిననాడు ఫొటో గుర్తింపు కార్డు ఏజెన్సీకి వాపసు ఇయ్యాలె. పదేండ్లు చేసినోడైనా కొత్త ఏజెన్సీలో మళ్ల మొదటి రోజు గార్డే. శిక్షణ సర్టిఫికెట్, అనుభవం లెక్క గార్డు చేతిలోనే ఉండాలె, బ్రిటన్‌లో ఉన్నట్టు.

జీతం కలవకుంటే సర్టిఫికెట్ గోడకు కొట్టిన మేకే. ఈ రాష్ట్రంలో సెక్యూరిటీ సర్వీసులతో సహా ఐదు రంగాలకు కనీస వేతనాల జీవోలు 2021 జూన్‌లో వచ్చినయి. జీవో అయితే వచ్చింది గని గెజిట్‌లో అచ్చు కాలేదు. 2023లో హైకోర్టు చెప్పాల్సి వచ్చింది, అచ్చు వెయ్యండని. ఒక కాగితాన్ని ప్రింటింగ్ ప్రెస్సుకు పంపుడుకు రెండేండ్లు, ఒక హైకోర్టు కావాల్సి వచ్చిందంటే గేటు కాడి మనిషి విలువ ఎంతో అర్థం చేసుకోండి. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చినయి. వాటిలో కూడా అదనపు గంటకు రెండింతలు కట్టియ్యాలని ఉన్నది. పన్నెండు గంటల డ్యూటీలో ఆ నాలుగు గంటలకు రెండింతలు ఎంతమందికి ముడుతున్నయో కాంట్రాక్టు ఇచ్చిన కంపెనీలు తమ బిల్లులు తామే చూసుకుంటే తెలుస్తది.

ఇంకొక్క మాట. గేట్ల కాడ బీహార్, ఒడిశా, అస్సాం, నేపాల్ పిల్లలు ఎక్కువైన్రని కొందరు కోపం చేస్తరు. పాలమూరోళ్లు బొంబాయి, పుణెలల్ల మట్టి మోసినోళ్లే కదా. ఆకలి ఎవనిదైనా ఆకలే. ఆ పిల్లగాడు మన కొలువు గుంజుకోలేదు, తక్కువ జీతానికి పన్నెండు గంటలు నిలబడేటోడు కావాలని ఏజెన్సీలు అతన్ని పట్టుకొచ్చినయి. శిక్షణ, సర్టిఫికెట్, న్యాయమైన జీతం అందరికీ ఒక్కటే అయిననాడు చవుకగ తెచ్చుకునే లాభం పోతది. అప్పుడు భాష తెలిసిన, గల్లీ తెలిసిన, స్థానిక పోలీస్ స్టేషన్‌తో మాట్లాడగలిగిన మన పిల్లగానికి సహజంగనే మొగ్గు ఉంటది. కొట్లాడి వెళ్లగొట్టే పని లేదు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఇందులో చిన్న పని ఉన్నది. కంపెనీలు సెక్యూరిటీ కాంట్రాక్టు ఇచ్చేటప్పుడు ఏజెన్సీ పసారా లైసెన్సు అడుగుతయి, దాంతోనే ఊకుంటయి. లైసెన్సుతో పాటు గేటు మీద నిలబడే ప్రతి మనిషి శిక్షణ సర్టిఫికెట్ కూడా చూపెట్టమని మీ అడ్మిన్ విభాగానికి ఒక మెయిల్ రాయండి. పది మంది రాస్తే పక్కకు పెడుతరేమో గని, వెయ్యి మంది రాస్తే వచ్చే టెండర్ కాగితంలో ఆ వాక్యం చేరుతది. విద్యార్థి సంఘాలు, కార్మిక సంఘాలు కలిసి గచ్చిబౌలిలో కమిషనర్‌కు, లేబర్ కమిషనర్‌కు దరఖాస్తు పెట్టాలె, ఈ కారిడార్‌లో లైసెన్సు ఉన్న ఏజెన్సీలెన్ని, వాటి గార్డులెందరు, అందులో 160 గంటలు పూర్తి చేసినోళ్లెందరు, శిక్షణ కేంద్రాల మీద గడిచిన ఏడాది ఎన్ని తనిఖీలు జరిగినయి అని. సమాచార హక్కు చట్టం కూడా 2005దే, పసారా పుట్టిన ఏడాదే పుట్టింది. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు.