వల్లించిన శాస్త్రము

మన పాఠశాలలలోఁ బెక్కింట ప్రకృతిశాస్త్రము కంటితోఁ జూచునది కాక నోటితో వల్లించునదిగా నున్నది. ఒక్క యుదాహరణము చాలును.

పళ్ళెములో నీరు పోసి, నడుమ వెలుఁగుచున్న క్రొవ్వొత్తిని నిలిపి, దానిపై గాజుగ్లాసు బోర్లించినచో దీపమాఱును. నీరు లోపలి కెక్కును. ప్రాణవాయువు వ్యయమైన చోటిని నీరాక్రమించెనని యనేక పుస్తకములు చెప్పుచున్నవి. బాలురదియే వ్రాసి మార్కులు పొందుచున్నారు. ఒకటికి మాఱుగా మూఁడు క్రొవ్వొత్తులు నిలిపి చూతురు గాక! నీరు మఱింత యెత్తున కెక్కును. గ్లాసులోని ప్రాణవాయువు మూఁడింతలైనదా? వేఁడికి వ్యాకోచించిన గాలిలోఁ గొంత వెలికిఁ బోయి, దీపమాఱఁగనే మిగిలినది చల్లఁబడి సంకోచించుటయే ముఖ్యకారణము. ఈ ప్రశ్న నడిగిన బాలుని "పుస్తకములో లేనిది నీకేల?" యని కూర్చుండఁబెట్టుట విద్యయా యని మేమడుగుచున్నాము.

పెద్దలను బ్రశ్నించుట యవినయమని కొందఱందురు. ఆఱుగురు శిష్యులు పిప్పలాదమహర్షి నడిగిన ప్రశ్నలే ప్రశ్నోపనిషత్తునకు మూలమని వారు మఱచిరా?

ధనము చాలదని మఱికొందఱందురు. మధ్యప్రదేశమున హోషంగాబాదు జిల్లాలో 1972లో 16 పాఠశాలలలో నారంభమైన విజ్ఞానబోధన స్వల్పమూల్యపు పరికరములతోనే సాగినది. బాలురు చేసి, చూచి, వాదించి నేర్చిరి. పరీక్షలోఁ బుస్తకము తెఱచి చూచుటకు ననుమతి యుండెను. అచ్చట పరీక్షింపఁబడినది జ్ఞాపకము కాదు, ఆలోచన. 2002లోఁ బ్రభుత్వము దానిని నిలిపివేసినది. ముప్పదియేండ్లు నడచినదానిని అసాధ్యమనుట యెట్లు?

చదువరులారా! పళ్ళెము, గ్లాసు, మూఁడు క్రొవ్వొత్తులు మీ యింట లేకపోవు. బిడ్డలయెదుట నుంచుఁడు. కారణమును మాత్రము మీరు ముందుగాఁ జెప్పకుఁడు.