పుష్యమాసమున సాగరయాత్ర

వైకుంఠ ఏకాదశినాడు గంటల తరబడి వరుసలో నిలుచుటకు వెనుదీయని బెంగళూరు తెలుగువారిలో, చొల్లంగి అమావాస్యకు తుల్యభాగా సంగమమున మునిగి, గోదావరి ఏడు పాయల సాగరసంగమములను సేవించుచు భీష్మైకాదశికి అంతర్వేది చేరు సప్తసాగరయాత్రను తలచువారు అరుదు. ఆ తిథుల జనసమ్మర్దము వలదనువారు, శూన్యమాసమని పెండ్లిండ్లు లేని పుష్యమున, అమావాస్యకు ముందే శేషాద్రి ఎక్స్‌ప్రెస్సులో కాకినాడకు పోయి నడక సాగించుట మేలని నా అభిప్రాయము. తిథి తప్పిన పుణ్యము తగ్గునందురు, తగ్గనిండు. కోరంగి వద్ద పాటువేళ బయటపడిన బురదలో సూదులవలె నిలిచిన మడచెట్ల శ్వాసమూలములను, వాని నడుమ తిరుగు పీతలను చూచు తీరిక పాదచారికే కలదు. కారులో పోవువానికి దక్కునది ఉప్పుగాలి మాత్రమే. తిరుగుదారిని సఖినేటిపల్లి రేవున పంటెక్కి వసిష్ఠను దాటిన నరసాపురము వచ్చును. అచ్చట రైలు కలదు.