డ్రా అంటే ‘ఏం గాలె’ అన్నట్టా?

కరీంనగర్‌లో బడిపిల్లల చెస్ టోర్నమెంటు, ఆఖరి రౌండు. నా ఎదురుంగ ఆదిలాబాద్ పిలగాడు, నాకంటే రెండేండ్లు పెద్ద. అతనివి తెల్లపావులు. క్వీన్స్ గాంబిట్ ఆడి, రెండో ఎత్తులోనే సీ4 బంటును ఎర వేశాడు. తీసుకున్నాను. తీసుకోవచ్చు గానీ పట్టుకొని వేలాడొద్దని అప్పటికి తెల్వదు. బీ5తో కాపాడుకోబోయాను. అతను ఏ4 ఆడాడు, ఆ పక్క మొత్తం కూలింది. చివరికి రూకూ రూకూ మిగిలాయి, అతనికో బంటు ఎక్కువ. అప్పుడు సార్ నేర్పిన ఫిలిడోర్ పద్ధతి యాదికొచ్చింది: మన వైపు నుంచి మూడో వరుసలో రూక్ పెట్టి అవతలి రాజును ఆపాలి. బంటు ఆ వరుసలోకి రాగానే, రూక్ అటు చివరికి పోయి వెనక నుంచి చెక్కులియ్యాలి. అట్లనే చేశాను. డ్రా.

బయట బాపు అడిగిండు: “గెలిసినవా?”

“డ్రా అయింది బాపూ.”

“అంటే ఏం గాలె అన్నట్టు.”

ఈ మాటతోనే నా కొట్లాట. 2025 జులైలో బటూమిలో మహిళల ప్రపంచకప్ ఫైనల్ జరిగినప్పుడూ ఇదే విన్నాను. మొదటి గేమ్‌లో మన కోనేరు హంపివి నల్లపావులు, ఓపెనింగ్ అదే క్వీన్స్ గాంబిట్ యాక్సెప్టెడ్. పందొమ్మిదేళ్ల దివ్యా దేశ్‌ముఖ్ ముందే పైచేయి సాధించింది. ముప్పై ఎనిమిదేళ్ల హంపి తట్టుకొని నిలబడింది. “డ్రానేనా, బోర్” అన్నాడు నా దోస్తు. రెండో గేమూ డ్రా అయ్యి, టైబ్రేక్‌లో దివ్య గెలిచాక, అందరికీ ఆ చివరి రోజే మిగిలింది.

దొంగ డ్రాలు లేవా? ఉన్నాయి. బెర్లిన్ డిఫెన్స్‌లో ఒక లైనుంది: బట్టీ పట్టిన పద్నాలుగు ఎత్తులు, అటూ ఇటూ క్వీన్‌లను తిప్పుడు, అదే పొజిషన్ మూడుసార్లు, షేక్‌హ్యాండ్. దాన్ని నేను వెనకేసుకురాను. కానీ ఆ డ్రాకూ హంపి డ్రాకూ పాయింట్ల పట్టికలో ఒకటే అంకె, అర. తేడా తెలవాలంటే ఎత్తులు చదవాలి. మనకేమో ర్యాంకు చాలు, ఫలితం చాలు. “చివరికేమైంది?” అని అడిగి నవల పక్కన పడేసేవాణ్ని చూస్తే మనకు ఒళ్లు మండుతుంది కదా, మరి ఆట దగ్గర మనం చేసేదేంది?

బాపూ, ఆ రోజు చానా అయింది. స్కోర్‌షీటు ఇంకా నా దగ్గరే ఉంది. జర కూసో, ఒక్కో ఎత్తూ చూపిస్త.