రక్షణకు నూటికి 26 చాలవు

2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణ శాఖ వాటా 6.81 లక్షల కోట్ల రూపాయలు. అది దేశ జీడీపీలో 1.9 శాతం. అందులో 1.60 లక్షల కోట్లు పింఛన్లకు, 3.11 లక్షల కోట్లు సైన్యం జీతభత్యాలకు, రోజువారీ నిర్వహణకు పోతాయి. యుద్ధవిమానాలు, నౌకలు, క్షిపణులు సమకూర్చుకునే మూలధన వ్యయానికి దక్కేది 1.80 లక్షల కోట్లు. అంటే నూటికి 26 రూపాయలు.

ఈ లోటు వాయుసేనలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మంజూరైన ఫైటర్ స్క్వాడ్రన్లు 42. 2025 సెప్టెంబర్‌లో మిగ్-21లకు చండీగఢ్‌లో వీడ్కోలు పలికాక మిగిలినవి 29. మిగ్-21ల స్థానంలోకి రావలసిన 83 తేజస్ మార్క్-1ఏ విమానాలకు 2021లోనే ఒప్పందం కుదిరినా, ఇంజన్లు సకాలంలో అందక పని వెనకబడింది. ముప్పు ముంచుకొచ్చాక డబ్బు పోసినా విమానం మర్నాడే రాదు.

ముప్పు రూపు కూడా మారింది. 2025 మే నెలలో పాకిస్తాన్ సరిహద్దు వెంట డ్రోన్లను గుంపులుగా వదిలింది. వాటిని కూల్చిన ఆయుధాల్లో కొత్త సెన్సర్లు అమర్చిన పాత ఎల్-70 గన్నులున్నాయి, హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్ రూపొందించిన ఆకాశ్ క్షిపణులూ ఉన్నాయి. చవక డ్రోన్‌పై ప్రతిసారీ ఖరీదైన క్షిపణి పేల్చడం గిట్టుబాటు కాదు. గన్నులు, జామర్లు, లేజర్లు పెద్దసంఖ్యలో కావాలి. ఇక చైనా 2024 సైనిక వ్యయం స్టాక్‌హోం పరిశోధన సంస్థ సిప్రి అంచనా ప్రకారం 31,400 కోట్ల డాలర్లు. భారత్‌ది 8,610 కోట్లు.

బడులకూ ఆసుపత్రులకూ చాలని డబ్బు ఆయుధాలకెందుకన్న ప్రశ్న సహేతుకమే. అందుకే పెంపు ఒక్కసారిగా కాక విడతలుగా జరగాలి. పైగా 2025-26 ఆధునికీకరణ నిధుల్లో 75 శాతం స్వదేశీ కొనుగోళ్లకే కేటాయించారు. ఆ సొమ్ము దేశంలోని కర్మాగారాలకూ, వాటికి విడిభాగాలిచ్చే చిన్న పరిశ్రమలకూ చేరుతుంది.

కావలసినవి మూడు. ఐదేళ్లలో రక్షణ వ్యయం జీడీపీలో 2.5 శాతానికి చేరాలి. పెరిగిన సొమ్ములో సింహభాగం మూలధన పద్దుకే వెళ్లాలి. మార్చి 31తో మురిగిపోని ఆధునికీకరణ నిధి ఏర్పడాలి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి 2.38 లక్షల కోట్లతో సూచించింది అలాంటి నిధినే. ఏళ్ల తరబడి సాగే కొనుగోళ్లకు ఏడాది బడ్జెట్ కొలత సరిపోదు.