దొంగపాట

వేలమునకును వెఱ్ఱికిని మన భాషలో చిరకాల స్నేహము గలదు. వేలంవెఱ్ఱి యను మాట యూరక పుట్టలేదు. అయినను నలుగురిలో జరుగు వేలమున ఎదుటి పాటదారు ముఖమైనను కనబడును. ఇంట గూర్చుండి ఫోనులో పాడు ఆన్‌లైన్ వేలమున ఎదుటివాడు నిజమైన కొనుగోలుదారుడో, అమ్మువాని నీడయో తెలియదు.

అమెరికాలో నున్న మా మేనకోడలు మొన్న నొక పాత వీణకై యిట్టి వేలములో పాడినది. అచ్చటి పద్ధతి యిది: మన మెంతవఱకు ఈయగలమో ముందే రహస్యముగా దెల్పవలెను, యంత్రము మన తరపున ఇతరుల పాటకంటె గొంచెము మాత్రమే హెచ్చించుచు బోవును. ఆమె 400 డాలర్లు తెల్పినది. పోటీపడిన యొకరు 180 వద్ద నిలిచిపోయిరి. గడువునకు ముందునాడు క్రొత్త పేరొకటి వచ్చి 400 దాటించి పాడినది. అరగంటలోనే పొరపాటని చెప్పి ఆ పాటను వెనుకకు దీసికొని, మరల 390కి పాడి యూరకున్నది. వీణ మా పిల్లకు 395 డాలర్లకు దక్కెను.

మొదటి పాట ఆమె రహస్యమును గనుగొనుటకు. రెండవది ఆ యంచువఱకు లాగుటకు. మాకు వేఱొక యర్థము తోచలేదు. పాటల చరిత్ర చూడగా, ఆ పేరుగలవారు పాడినదెల్ల ఆ యొక్క అమ్మకందారు సరకులకేనట! ఒక్కటియు గొనలేదట!

తుది క్షణమున పాడువారినిగూడ కొందఱు దొంగలందురు. మేమట్లనము. వారు గెలిచినచో సొమ్మిచ్చి కొందురు. మనకు గోపము రావచ్చును గాని అందు వంచన లేదు.

దొంగపాట యట్లు గాదు. 2000వ సంవత్సరమున ఈబే వేలములో 25 సెంట్లతో మొదలైన యొక చిత్తరువు, రిచర్డ్ డీబెన్‌కార్న్ అను ప్రసిద్ధ చిత్రకారునిదేమో యను భ్రమవలన, 1,35,805 డాలర్లు పలికెను. అమ్మువాడే మారుపేరుతో పాడెనని తేలగా ఈబే ఆ యమ్మకమును రద్దుచేసినది. 2001లో అతనిపైనను తోడివారిపైనను నేరారోపణ జరిగెను.

ఈ సంగతి చెప్పగా మా వారు చట్టము పుస్తకము దీసిరి. (బడిపంతుళ్లకు పుస్తకము లేనిదే కోపమైనను రాదు.) మన దేశమున 1930 నాటి వస్తు విక్రయ చట్టము 64వ సెక్షను ప్రకారము, ధర పెంచుటకై అమ్మువాడు కపటపు పాట పాడించినచో ఆ కొనుగోలును రద్దుచేసికొను హక్కు కొన్నవారికి గలదు. అమెరికాలో చాల రాష్ట్రములు స్వీకరించిన వాణిజ్య స్మృతి యింకొక మేలు చేసినది: కొన్నవారు కోరినచో, వస్తువును సత్యమైన తుదిపాట ధరకే యుంచుకొనవచ్చును.

హక్కు గలదు సరే, రుజువెట్లు? వేలము నడచుచుండగనే ఆ పుటలను ఫోనులో బొమ్మలుగా దీసి దాచుకొనుడు. పిమ్మట అవి దొరకకపోవచ్చును. మా పిల్ల అదృష్టవశమున ఆ పని చేసినది. రెండువందల డాలర్లు ఆమెకు నెలనెలయు మిగిలెడి సొమ్ము గాదు.

వీణ చేరినది. బుఱ్ఱ పగులలేదు, మెట్లు మాత్రము మరల వేయింపవలెనట. ఫిర్యాదునకు జవాబు ఇంకను రాలేదు.