బండికి తిరగవాత

"ఏమిరా, బండికి తిరగవాత పెట్టినావా?" అన్నాడు నాన్న.

పోయిన జూన్‌లో నన్ను దింపడానికి విశాఖ వచ్చి, హాస్టల్ వెనక షెడ్డులో తన ఆర్ఎక్స్ 100 ముందు నిలబడి అన్న మాట అది. నవ్వుతూ అనలేదు. మడ్‌గార్డు మీద గోరుతో గీరితే పాకం లాంటి గోధుమరంగు జిగురు ఊడొచ్చింది. దాని కింద ఎర్రటి పొడి.

ఆ బండి 1993ది. యమహా 1996లో ఆ మోడల్ ఆపేసింది, కాబట్టి ఇంకోటి కొనుక్కుందాంలే అనుకునే వస్తువు కాదు. నంద్యాల ఎండలో అన్నేళ్లు నిలబడ్డా క్రోమ్ మీద చుక్క లేదు. నా మీద నమ్మకంతో ఇక్కడికి పంపితే, ఒక్క వానాకాలానికే నువ్వులు చల్లినట్టు తుప్పు చుక్కలు లేచాయి. సముద్రపు గాలి మహిమ. సెలవులకి ఊరెళ్లే ముందు భయమేసి, మెస్‌లో గ్లాసుడు పొద్దుతిరుగుడు నూనె అడిగి తెచ్చి, బండికి తలంటు పోసినంత పని చేశాను. తిరిగొచ్చేసరికి నెలన్నర. ఆ తర్వాత కథ పైన చెప్పాను కదా.

మన హాస్టల్లో ఈ విషయం మీద రెండు పార్టీలున్నాయి. ఏ నూనె అయినా పూసేయ్ అనేది ఒకటి. నూనె అంతా నాటు వైద్యం, పాలిష్ డబ్బా కొను అనేది రెండోది. దెబ్బ తిన్నవాడిగా నా అభిప్రాయం: నూనె కచ్చితంగా పని చేస్తుంది. కానీ మనం దాన్ని పెయింట్ అనుకుంటున్నాం. అక్కడే బోల్తా కొడుతున్నాం.

ఫస్టియర్ కెమిస్ట్రీలో కొరోజన్ యూనిట్ గుర్తు తెచ్చుకోండి (పరీక్ష అయిపోయిందని మూసేసిన పుస్తకమే). మడ్‌గార్డు ఉక్కు. దాని మీద నికెల్ పొర, ఆ పైన క్రోమ్. మనకి అద్దంలా మెరిసే ఆ క్రోమ్ పొర మందం సాధారణంగా ఒక మైక్రాన్‌లో సగం కూడా ఉండదు. అందులో కంటికి కనపడని పగుళ్లు, రంధ్రాలు ఉంటాయి. అసలు అడ్డుగోడ కింద ఉన్న నికెల్. ఆ గోడకి ఎక్కడ చిల్లు పడినా ఉప్పు నీరు ఉక్కు దాకా దిగుతుంది.

జింకు పూసిన రేకు అయితే జింకు తాను కరిగిపోయి ఇనుమును కాపాడుతుంది. నికెల్, క్రోమ్ అలా కావు. తాము భద్రంగా ఉండి ఇనుమునే బలిస్తాయి. చిన్న ఆనోడు, పెద్ద కాథోడు. ఆ ప్రశ్నకి నేను మిడ్‌లో ఫుల్ మార్కులు తెచ్చుకున్నాను. అదే బొమ్మ నాన్న బండి మీద రోజూ గీయబడుతుంటే మాత్రం కనపడలేదు.

నూనె చేసే పని ఆ రంధ్రాల్లోకి నీరు దిగకుండా ఆపడం. అంతే. దానికి పలుచటి పొర చాలు. అయితే నూనెలన్నీ ఒకటి కావు. పొద్దుతిరుగుడు నూనె గాలి తగిలితే మెల్లగా గట్టిపడి జిగురవుతుంది. మన వంటింటి గట్టు మీద, చిమ్నీ మీద పేరుకునే బంక అదే. ఆ జిగురు దుమ్మును పట్టుకుంటుంది, దుమ్ములో ఉప్పు, ఉప్పు చేరితే తేమ. కాపలాకి పెట్టినవాడే దొంగకి తలుపు తీసినట్టయింది నా పని. వేరుశనగ నూనె ఇంకాస్త నిదానం, అంతే తేడా. కొబ్బరి నూనె అంత తేలిగ్గా జిగురవదు, అందుకే తాతలు చెప్పిన చిట్కాల్లో అది నిలబడింది. నా ఓటు మాత్రం కుట్టుమిషన్ నూనెకి, లేదంటే వాసెలిన్‌కి. రెండూ పెట్రోలియం నుంచి వచ్చేవి, గట్టిపడవు, చవక. షెడ్డులో పారబోసిన పాత ఇంజన్ ఆయిల్ జోలికి మాత్రం వెళ్లొద్దు. అందులో ఆమ్లాలుంటాయి, చర్మానికీ మంచిది కాదు.

పూసే పద్ధతి చెప్తాను. ముందు మంచినీళ్లతో కడగాలి, ఉప్పు పోవాలి. పూర్తిగా ఆరాలి. తడి మీద నూనె రాస్తే నీళ్లని లోపల పెట్టి తాళం వేసినట్టే. తర్వాత పాత బనీను గుడ్డకి నాలుగు చుక్కలు వేసి రుద్ది, ఇంకో పొడి గుడ్డతో తుడిచేయాలి. చేత్తో ముడితే జిడ్డు తగలకూడదు. తుడిచేశాక ఏం మిగులుతుందని మా రూమ్మేట్ అడిగాడు. ఆ మిగిలిందే కావాలి మామా.

సైలెన్సర్ వేడెక్కే చోట పూస్తే మాడి మరక పడుతుంది. టైరుకి, బ్రేక్ డిస్కుకి ఒక్క చుక్క తగిలినా ప్రమాదం. మాది డ్రమ్ బ్రేక్ కాబట్టి బతికిపోయాను. డిస్కులున్నవాళ్లు రిమ్ము దగ్గర స్ప్రే డబ్బాలు వాడకండి, గుడ్డతోనే తుడవండి.

పాలిష్ పార్టీకి ఒక్క మాట. ఆ పేస్టులు చాలావరకు రాపిడితో మెరిపిస్తాయి. అర మైక్రాన్ కూడా లేని పొరను వారం వారం రుద్దితే ఎన్నాళ్లుంటుంది? తుప్పు చుక్కల మీద గిన్నెలు తోమే పీచు కూడా వద్దు. బిర్యానీ పార్సిల్‌కి వచ్చే అల్యూమినియం ఫాయిల్‌ని ఉండ చేసి, నీళ్లలో ముంచి, మెత్తగా రుద్దండి. క్రోమ్ కంటే అల్యూమినియం మెత్తన కాబట్టి గీతలు పడవు.

మళ్లీ కోటింగ్ వేయిస్తే పోలా అంటారు కొందరు. క్రోమ్ కోటింగ్ తొట్లలో సాధారణంగా వాడేది హెక్సావలెంట్ క్రోమియం, క్యాన్సర్ కారకం. చిన్న షాపుల్లో దాని పక్కన మాస్కు లేకుండా నిలబడేది ఎవరో, కడిగిన నీళ్లు ఏ కాలవలో పడతాయో అడగం కదా. వారానికి పది నిమిషాల బద్ధకాన్ని అలా ఇంకొకరి ఊపిరితిత్తుల మీదకి తోయడం నాకు నచ్చలేదు.

ఆ రోజు నాన్న, నేను కిరసనాయిలు గుడ్డలతో సాయంత్రం దాకా జిగురు వదిలించాం. ముందు మడ్‌గార్డు దాదాపు బాగుపడింది. వెనక దాని మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉండిపోయింది, ఉక్కు దాకా తినేసింది. రైలెక్కే ముందు నాన్న తన పాత బనీను ఒకటి చింపి సీటు కింద పెట్టాడు. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తే ఇప్పుడు మొదట అడిగేది టిఫిన్ తిన్నావా అని కాదు, "తుడిచినావా?" అని.